ఎంటర్ కొట్టినా పాదం ఎందుకు విరగదు?

పాఠకుల సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: నేను విశ్రాంత తెలుగు పండితుణ్ణి. పిల్లల కోసం గేయాలు రాస్తుంటాను. చేతిరాత పుస్తకాలు పాడైపోతున్నాయని మా అబ్బాయి కంప్యూటర్లో మార్క్‌డౌన్ పద్ధతిలో (మామూలు అక్షరాల మధ్య చిన్న చిన్న గుర్తులు పెడితే ప్రోగ్రామే పేజీగా తీర్చే పద్ధతి) రాయడం నేర్పాడు. నక్షత్రం గుర్తులు పెడితే అక్షరాలు లావుగా వస్తున్నాయి, బాగానే ఉంది. గేయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాలుగు పాదాలూ ఒకే వాక్యంగా కలిసిపోతున్నాయి. పాదం పాదానికీ ఎంటర్ కొడుతూనే ఉన్నాను. రెండుసార్లు కొడితే నాలుగు పాదాలూ నాలుగు మూలలకు పోతున్నాయి. అదే గేయం వాట్సాప్‌లో పెడితే చక్కగా నిలబడుతోంది. లోపం ఎక్కడుంది?
(నరసరావుపేట నుంచి ఒక పాఠకులు)

జవాబు: మాస్టారూ, నమస్కారం. ఉత్తరంతో పాటు మీరు పంపిన గేయాన్నే ముందు పెట్టుకుందాం.

కాలువ గట్టున కొంగలు రెండు
కబుర్లు చెప్పుకు నిలిచాయి
నాగలి కదిలిన చాలు వెంటనే
చప్పున వాలగ వచ్చాయి

మార్క్‌డౌన్ చేతిలో పడ్డాక ఇది ఇలా అయింది:

కాలువ గట్టున కొంగలు రెండు కబుర్లు చెప్పుకు నిలిచాయి నాగలి కదిలిన చాలు వెంటనే చప్పున వాలగ వచ్చాయి

పాదాలు కలిసిపోతే చూడ్డానికి బాగుండదని అందరూ అంటారు. కానీ ఇక్కడ పోయింది అందం ఒక్కటే కాదు. మీరు రాసింది ‘కొంగలు రెండు’. కలిపేసరికి ‘రెండు కబుర్లు చెప్పుకు’ అని చదువుతున్నాం. కొంగల లెక్క పోయి కబుర్ల లెక్క వచ్చింది. రెండో తరగతి పిల్లాడి చేతికి ఇస్తే తప్పకుండా అలాగే చదువుతాడు. పాదం ఎక్కడ విరగాలో అర్థమే నిర్ణయించిన చోట దాన్ని కలిపేయడమంటే కవి రాసినదాన్ని మార్చేయడమే. అందుకే మీ ప్రశ్నకు ఈసారి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మీరు కొట్టిన ఎంటర్‌లో లోపం లేదు. మార్క్‌డౌన్ ఆ ఎంటర్‌ను నమ్మడం లేదు, అంతే. ఎందుకు నమ్మదో తెలియాలంటే అది పుట్టిన నాటి ఈమెయిళ్లను గుర్తుచేసుకోవాలి. జాన్ గ్రూబర్ అనే ఆయన 2004లో దీన్ని తయారుచేశాడు, ఆరన్ స్వార్ట్జ్ చెయ్యి కూడా అందులో ఉంది. మామూలు అక్షరాల్లో రాసుకున్న ఈమెయిలు ఎలా కనిపిస్తుందో అలాగే రాయాలి, దాన్ని మార్చకుండానే మనిషి చదువుకోగలగాలి, కావాలంటే వెబ్ పేజీ కూడా అయిపోవాలి. ఇదీ ఆయన ఆశయం. మంచి ఆశయమే. అయితే అప్పటి ఈమెయిళ్లలో పంక్తిని విరిచింది రాసినవాళ్లు కాదు. వరసకు 80 అక్షరాలు పట్టే పాత తెరల అలవాటు కొద్దీ, డెబ్బై పైచిలుకు అక్షరాలు కాగానే మెయిల్ ప్రోగ్రామే పంక్తిని తుంచేసేది. పంక్తి 78 అక్షరాలు దాటకుండా ఉంటే మంచిదని ఈమెయిలు ప్రమాణ పత్రాలే చెప్పాయి. అలాంటి ఉత్తరాన్ని ఉన్నదున్నట్టు వెబ్ పేజీ చేస్తే, చిన్న తెర మీద ఒక పొడుగు పంక్తి, ఒక పొట్టి పంక్తి, మళ్లీ పొడుగు, మళ్లీ పొట్టి వస్తాయి. చదవలేం. కాబట్టి గ్రూబర్ ఒక నియమం పెట్టాడు. ఒక్క ఎంటర్ ఉంటే అది యంత్రం తుంచినదే, దాన్ని మాటల మధ్య ఖాళీగా (స్పేస్) లెక్కపెట్టు. మధ్యలో ఖాళీ పంక్తి ఉంటే కొత్త పేరా. నిజంగానే అక్కడ విరగాలంటే, పంక్తి చివర రెండు ఖాళీలు కొట్టి అప్పుడు ఎంటర్ కొట్టాలి.

వచనానికి ఈ నియమం హాయిగా సరిపోతుంది. దెబ్బతిన్నది పద్యం, గేయం, పోస్టు అడ్రసు. ఈ మూడింట్లోనూ పంక్తిని విరిచేది మనిషే.

ఆ రెండు ఖాళీల పద్ధతి నాకు ఏమాత్రం సమ్మతం కాదు. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో చాలాకాలం ప్రూఫులు దిద్దాను. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాములో పద్యాలు కంపోజు చేసే డీటీపీ వాళ్లకు ఈ తేడా చేతివేళ్లకే తెలుసు. పేరా ముగిస్తే ఎంటర్, పేరా లోపల పాదం విరిస్తే షిఫ్ట్ పట్టుకుని ఎంటర్. ఎవరైనా మరిచిపోతే పాదాల మధ్య ఎడం పెరిగి ప్రూఫులో వెంటనే పట్టుబడేది. మరి పంక్తి చివర ఉన్న రెండు ఖాళీలను ఏ ప్రూఫ్‌రీడర్ పట్టుకోగలదు? కాగితం మీద కనిపించవు, తెర మీద కనిపించవు. దిద్దడానికి వీల్లేని గుర్తు అచ్చుపనికి పనికిరాదు. పైగా చాలా ఎడిటర్ ప్రోగ్రాములు ఫైలు దాచేటప్పుడు (సేవ్ చేసేటప్పుడు) పంక్తుల చివర ఉన్న ఖాళీలను చెత్త అనుకుని ఊడ్చేస్తాయి. ఇవాళ నిలబడిన గేయం రేపు ఇంకొకరు తెరిచి దాచేసరికి మళ్లీ కలిసిపోతుంది.

ఇంకో సంగతి చెప్పాలి. 2004 ఫిబ్రవరిలోనే ఈమెయిళ్ల కోసం ఫార్మాట్ ఫ్లోడ్ అనే ప్రమాణం కొత్త కూర్పు వచ్చింది. అందులో పంక్తి చివర ఒక ఖాళీ ఉందంటే, ‘ఇది ఇంకా అయిపోలేదు, కింది పంక్తితో కలిపి చదువు’ అని అర్థం. అదే ఏడు వచ్చిన మార్క్‌డౌన్‌లో పంక్తి చివర రెండు ఖాళీలుంటే, ‘ఇక్కడ విరిచెయ్యి’ అని. కనిపించని గుర్తు పెట్టుకుంటే ఇలాగే ఉంటుంది. ఒకచోట కలపమన్నది ఇంకోచోట విడగొట్టమంటుంది.

ఇక మీరు చేయవలసింది. 2014లో జాన్ మెక్‌ఫార్లేన్, జెఫ్ అట్‌వుడ్, ఇంకొందరు కలిసి కామన్‌మార్క్ అని మార్క్‌డౌన్‌కు ఒక కచ్చితమైన నిర్వచనం తెచ్చారు. అందులో పంక్తి చివర బ్యాక్‌స్లాష్ (\ అనే ఏటవాలు గీత) పెడితే పాదం విరుగుతుంది.

కాలువ గట్టున కొంగలు రెండు\
కబుర్లు చెప్పుకు నిలిచాయి\
నాగలి కదిలిన చాలు వెంటనే\
చప్పున వాలగ వచ్చాయి

బ్యాక్‌స్లాష్‌కు ముందుగానీ తర్వాతగానీ ఖాళీ అక్కర్లేదు. తర్వాత ఖాళీ పడితే అసలు పనిచేయదు. చివరి పాదానికి పెట్టకండి, పెడితే ఆ గీత అలాగే అచ్చవుతుంది. ఇప్పుడు మీ గేయంలో పాదం ఎక్కడ విరిగిందో మీకు కనిపిస్తుంది, దిద్దేవాళ్లకూ కనిపిస్తుంది. మీ అబ్బాయి పెట్టిన ప్రోగ్రాము కామన్‌మార్క్ ప్రకారం నడుస్తుందో లేదో ఒకసారి అడగండి. గ్రూబర్ రాసిన మొదటి ప్రోగ్రాముకు ఈ గుర్తు తెలియదు.

వాట్సాప్ సంగతి అడిగారు. అక్కడ రాసేది వేలితో, ఫోన్లో. మధ్యలో పంక్తిని తుంచే యంత్రం లేదు కాబట్టి ఎంటర్ కొట్టింది మనిషేనని దానికి నమ్మకం. 2002లో డీన్ అలెన్ చేసిన, మార్క్‌డౌన్ లాంటిదే అయిన టెక్స్‌టైల్ కూడా ఎంటర్‌ను ఎంటర్‌గానే తీసుకుంది. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఫైళ్లు పంచుకునే గిట్‌హబ్ సైటులో అయితే రెండు రకాలూ ఉన్నాయి. చర్చల్లో రాస్తే పంక్తి విరుగుతుంది, అదే ముక్క మార్క్‌డౌన్ ఫైల్లో పెడితే కలిసిపోతుంది. కామన్‌మార్క్ కూడా ఒంటి ఎంటర్‌ను ఖాళీగా చూపాలో, విరిచి చూపాలో చూపించే ప్రోగ్రాము ఇష్టానికే వదిలింది. అందుకే ఒకచోట బాగా కనిపించిందని ఇంకోచోట నమ్మకూడదు.

మీ ఉత్తరంలో గేయం కింద వరసగా అడ్డగీతలు కొట్టారు, ముగిసిందని సూచిస్తూ. కంప్యూటర్లో అలా ఆనించి కొట్టకండి. అక్షరాల కిందే అడ్డగీతలు వస్తే మార్క్‌డౌన్ దాన్ని శీర్షిక అనుకుంటుంది. పాత ప్రోగ్రాములో చివరి పాదం ఒక్కటే పెద్దక్షరాల్లోకి మారేది, కామన్‌మార్క్‌లో ఆ పేరా మొత్తం మారిపోతుంది. మధ్యలో ఒక పంక్తి ఖాళీ వదిలితే చాలు, గీత గీతగానే వస్తుంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిని. మీటింగు మినిట్స్ మార్క్‌డౌన్‌లో రాస్తాను. బోరు మోటారు కాంట్రాక్టరు చెప్పిన మాటను కోట్‌గా పెట్టి, కింద నా వ్యాఖ్య రాశాను. తీరా చూస్తే నా వ్యాఖ్య కూడా ఆయన అన్నట్టే వచ్చింది. మీటింగులో పెద్ద గొడవైంది. రాసింది యథాతథంగా పంపుతున్నాను:

> మోటారు మరమ్మతు ఎస్టిమేట్ శుక్రవారంలోగా ఇస్తాం.
ఈ ఎస్టిమేట్ ఇంతవరకు రాలేదు.

(హైదరాబాద్, నిజాంపేట నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఈ గొడవకూ, పైన మాస్టారి గేయానికి వచ్చిన కష్టానికీ మూలం ఒక్కటే. పంక్తిని తుంచింది యంత్రమేనన్న ఊహ ఇక్కడా పనిచేసింది.

అవతలివాళ్ల మాట ముందు ఈ కోణం గుర్తు పెట్టడం ఈమెయిళ్ల నుంచి వచ్చిన ఆచారం. జవాబు రాసేటప్పుడు మెయిల్ ప్రోగ్రామే పాత ఉత్తరంలోని ప్రతి పంక్తి ముందూ ఈ గుర్తు పెట్టేది. జవాబుకు జవాబు వస్తే గుర్తులు రెండయ్యేవి, ఆపైన మూడు. ఏ మాట ఎవరిదో గుర్తులు లెక్కపెడితే తెలిసిపోయేది. గ్రూబర్ ఆ ఆచారాన్నే తీసుకున్నాడు. పేజీ రాసే మనిషి ప్రతి పంక్తికీ గుర్తు పెట్టలేడని, పేరా మొదట్లో ఒక్కసారి పెడితే చాలని ఒక వెసులుబాటు కలిపాడు. పేరాలో తక్కిన పంక్తులకు గుర్తు లేకపోయినా అవీ కోట్‌లోవే. కామన్‌మార్క్ దీనికి ‘బద్ధకపు కొనసాగింపు’ అనే అర్థం వచ్చే పేరే పెట్టి, అలాగే ఉంచింది.

మీ రెండో పంక్తికి ముందు ఖాళీ పంక్తి లేదు. కాబట్టి అది కొత్త పేరా కాదు, కాంట్రాక్టరు మాటకు కొనసాగింపు. ఎస్టిమేట్ రాలేదని కాంట్రాక్టరే ఒప్పుకున్నట్టు మినిట్స్‌కెక్కింది. ఇలా రాయాల్సింది:

> మోటారు మరమ్మతు ఎస్టిమేట్ శుక్రవారంలోగా ఇస్తాం.

ఈ ఎస్టిమేట్ ఇంతవరకు రాలేదు.

మినిట్స్ రాసేవాళ్లు ఈ వెసులుబాటును వాడుకోకుండా ఉండడమే మేలని నా గట్టి అభిప్రాయం. కోట్ ఎంత పొడుగున్నా ప్రతి పంక్తికీ గుర్తు పెట్టండి. కోట్ లోపల రెండు పేరాలుంటే మధ్యలోని ఖాళీ పంక్తికి కూడా గుర్తు పెట్టండి. అది పెట్టకపోతే ఒక్కో ప్రోగ్రాము ఒక్కోలా తీసుకుంటుంది. కామన్‌మార్క్‌లో ఖాళీ పంక్తి వచ్చిందంటే మొదటి కోట్ ముగిసి, రెండోది మొదలైనట్టు. గ్రూబర్ మొదటి ప్రోగ్రాములో అవి రెండూ కలిసి ఒకే కోట్. ఇద్దరు సభ్యుల మాటలు ఒకదాని కింద ఒకటి కోట్ చేస్తే, పాత ప్రోగ్రాములో ఇద్దరూ ఒకే మనిషి అయిపోతారు. ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ నడుమ ‘రెండో అంతస్తు సభ్యురాలు అన్నది:’ అని మీ సొంత వాక్యం ఒకటి వేస్తే ఏ ప్రోగ్రామూ వాటిని కలపలేదు, చదివేవాళ్లకూ స్పష్టంగా ఉంటుంది.

మరో చిన్న జాగ్రత్త. మినిట్స్‌లో పంక్తి మొదట్లో సంవత్సరం, దాని పక్కన చుక్క, ఆ తర్వాత ఖాళీ వస్తే, ఉదాహరణకు ‘2019. ఆ ఏడాది బోరు వేశాం’ అని పేరా మొదలైతే, మార్క్‌డౌన్ దాన్ని 2019వ అంశంగా జాబితా మొదలెట్టేస్తుంది. చుక్కకు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి, మామూలు వాక్యంగా నిలబడుతుంది.

ప్రశ్న: తెలుగు వికీసోర్స్‌లో పాత కావ్యాలు ఎక్కించే పనిలో సాయపడుతుంటాను. అక్కడ పోయెమ్ ట్యాగు మధ్య పెడితే పాదాలు బాగానే వస్తాయి. ఇప్పుడు కొన్ని సీసపద్యాలు ఏరి, మా కాలేజీ పిల్లలకు మార్క్‌డౌన్‌లో చిన్న పుస్తకం చేద్దామనుకుంటున్నాను. సీసం పాదం పొడుగు, పేజీలో పట్టదు. రెండో సగం కాస్త లోపలికి జరపాలి. ప్రతి పద్యం కింద కవి పేరు, కావ్యం పేరు కుడివైపు రావాలి. కుదురుతుందా?
(ఖమ్మం నుంచి ఒక పాఠకులు)

జవాబు: ముందు మీరు చేస్తున్న పనికి నా నమస్కారం. పాత పుస్తకంలోని పద్యాన్ని పాదం చెదరకుండా తెరకెక్కించేవాళ్లు ఉన్నారు కాబట్టే ఇవాళ ఎక్కడ కూర్చునైనా వెతుక్కుని చదువుకోగలుగుతున్నాం.

వికీలోనూ ఒంటి ఎంటర్‌కు విలువ లేదు, ఖాళీ కిందే లెక్క. పైగా పంక్తి మొదట్లో ఖాళీ వదిలితే అది పద్యాన్ని పెట్టెలో పెట్టి, కంప్యూటర్ ప్రోగ్రాములా చూపిస్తుంది. ఈ రెండు బాధలూ లేకుండా చేసేదే మీరు చెప్పిన పోయెమ్ ట్యాగు. మామూలు మార్క్‌డౌన్‌లో దానికి సమానమైనది లేదు. నాలుగు ఖాళీలు వదిలి పద్యం మొదలెడితే అక్కడా ప్రోగ్రాము పెట్టే వస్తుంది.

మీకు పనికొచ్చేది పాన్‌డాక్, ఒక రకం ఫైలును ఇంకో రకంగా మార్చే ప్రోగ్రాము. కామన్‌మార్క్‌లో ముందున్న మెక్‌ఫార్లేనే 2006లో దీన్ని మొదలుపెట్టాడు. వృత్తిరీత్యా ఆయన బర్కిలీలో తత్వశాస్త్రం ఆచార్యుడు. పాన్‌డాక్ సొంత మార్క్‌డౌన్‌లో పంక్తి మొదట నిలువుగీత, ఒక ఖాళీ పెట్టి రాస్తే ఆ పంక్తి అక్కడే విరుగుతుంది. గీత తర్వాత మీరు అదనంగా వదిలిన ఖాళీలు కూడా అలాగే నిలుస్తాయి. పైన మాస్టారి గేయంలో రెండో పాదాన్ని లోపలికి జరపాలంటే ఇలా:

| కాలువ గట్టున కొంగలు రెండు
|     కబుర్లు చెప్పుకు నిలిచాయి

సీసం పాదంలో మొదటి సగానికి ఒక గీత, రెండో సగానికి గీత పెట్టి నాలుగు ఖాళీలు. అన్ని పాదాలకూ ఒకే లెక్కన ఖాళీలు వదలండి. కింద వచ్చే ఎత్తుగీతి పాదాలు పొట్టివి కాబట్టి ఖాళీలు లేకుండా గీతతోనే రాస్తే పద్యం రూపం చూడగానే తెలుస్తుంది. పాదాన్ని విరవకుండా, మీ ఫైల్లో మాత్రం పొడుగు తగ్గించుకోవాలనుకుంటే, తర్వాతి పంక్తిని గీత లేకుండా ఒక ఖాళీతో మొదలెట్టండి. అది పై పాదంలోనే కలుస్తుంది. విరవడానికీ కలపడానికీ వేర్వేరు గుర్తులు, రెండూ మనిషి చేతిలోనే. పద్యానికి ఇంతకన్నా మర్యాద చేసిన పద్ధతి ఈ రకం భాషల్లో నాకు కనిపించలేదు. ఈ నిలువుగీతల పద్ధతి డేవిడ్ గుడ్జర్ చేసిన రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అనే ఇలాంటి భాషలోనూ ఉంది.

కవి పేరు దగ్గర మార్క్‌డౌన్ చేతులెత్తేస్తుంది. కోట్ ఉంది గానీ అది ఎవరిదో చెప్పడానికి ప్రత్యేకమైన చోటు లేదు. అందరూ కోట్ చివర గీత కొట్టి పేరు రాస్తారు, చూపించే ప్రోగ్రాముకు మాత్రం అది ఇంకో పంక్తి, అంతే. దాన్ని కుడివైపు జరపాలని దానికి తెలియదు. రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లో కోట్ చివర రెండు అడ్డగీతలు కొట్టి పేరు రాస్తే అది మూలకర్త పేరని గుర్తిస్తుంది. కానీ అందులో కోట్ అంటే పంక్తుల్ని లోపలికి జరపడమే, వేరే గుర్తు లేదు. కాపీ చేసి అతికించేటప్పుడు ఖాళీలు పోతే కోట్ కూడా పోతుంది.

మీ పుస్తకం నిండా పద్యాలే అయితే మార్క్‌డౌన్ వదిలి, స్టూవర్ట్ రాక్‌హామ్ 2002లో తెచ్చిన ఆస్కీడాక్ అనే ఇలాంటి భాషలో చేయండి. అందులో చదరపు బ్రాకెట్ల మధ్య వర్స్ అనే ఇంగ్లిషు మాట, కామా, కవి పేరు, కామా, కావ్యం పేరు రాస్తారు. కింది పంక్తిలో నాలుగు అండర్‌స్కోర్లు, తర్వాత పద్యం, మళ్లీ నాలుగు అండర్‌స్కోర్లు. లోపల ఎంటర్ కొట్టిన ప్రతిచోటా పాదం విరుగుతుంది, ఏ గుర్తూ అక్కర్లేదు. కవి పేరూ కావ్యం పేరూ పద్యంలో కలవకుండా విడిగా ఉంటాయి, కాబట్టి కుడివైపు పెట్టాలన్నా, వాలు అక్షరాల్లో పెట్టాలన్నా మొత్తం పుస్తకానికి ఒకేసారి చెప్పవచ్చు. వచనాన్ని ఉటంకించాలంటే వర్స్ బదులు కోట్ అని రాయాలి, అప్పుడు పంక్తులు కలుస్తాయి. పద్యం వేరు, వచనం వేరు అని ముందే అడిగి తెలుసుకునే భాష ఇది. అచ్చుపని చేసినదాన్ని కాబట్టి నా ఓటు దీనికే.

ప్రశ్న: పిల్లలకు శ్లోకాలు నేర్పడానికి డిస్కార్డ్ అనే కబుర్ల యాప్‌లో ఒక బృందం పెట్టాం. శ్లోకం టైపు చేసి పంపితే మధ్యలో కొంత భాగం నల్లటి పట్టీ కింద దాగిపోతోంది. వేలు పెడితే గానీ కనిపించడం లేదు.
(సిడ్నీ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: శ్లోకం చివర రెండు నిలువుగీతలు కొడుతున్నారు కదూ! డిస్కార్డ్‌లో ఒక జత నిలువుగీతలకూ మరో జతకూ మధ్య ఉన్నదంతా దాచి చూపించాలని నియమం, సినిమా కథ ముందే తెలియకుండా ఉండేందుకు పెట్టుకున్నది. శ్లోకం సంఖ్యకు అటూ ఇటూ గీతలు కొడితే సంఖ్య ఒక్కటే దాగుతుంది. సంఖ్య లేకుండా శ్లోకం చివర మాత్రమే కొడితే, మొదటి శ్లోకం చివరి గీతల నుంచి రెండో శ్లోకం చివరి గీతల దాకా, అంటే రెండో శ్లోకం మొత్తం పట్టీ కిందికి పోతుంది.

మనం కొడుతున్నది కీబోర్డు మీద ఉన్న మామూలు నిలువుగీత. శ్లోకానికి వాడవలసిన దండం యూనికోడ్‌లో వేరే అక్షరం. ఒంటి దండం ।, జంట దండం ॥. ఇవి దేవనాగరి విభాగంలో ఉన్నా, తెలుగుతో సహా ఇతర భారతీయ లిపులకూ వాటినే వాడాలి. ఫోన్లో హిందీ కీబోర్డు పెట్టుకుంటే పూర్ణవిరామంగా కనిపించేది ఈ ఒంటి దండమే. జంట దండం దొరక్కపోతే పైనున్నదాన్ని ఒకసారి కాపీ చేసి మీ బృందంలో అందరికీ పంపండి. ఈ అక్షరాలను డిస్కార్డ్ గానీ, పైన చెప్పిన మార్క్‌డౌన్ లాంటి భాషలు గానీ గుర్తులుగా తీసుకోవు.